నిఘంటు పఠనం

మెదక్ పట్టణానికి వచ్చేవారికి దూరం నుంచే కనబడేది చర్చి శిఖరం. 1914లో ప్రారంభమైన ఆ నిర్మాణం పది సంవత్సరాలు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మతబోధకుని పర్యవేక్షణలో జరిగిన ఆ పని కరవు రోజుల్లో ఎందరో పేదలకు ఇంత అన్నం పెట్టిందని ప్రజలు నేటికీ చెప్పుకొంటారు. పట్టణవాసులు దీనిని 'మెదక్ చర్చి' అంటారు. ఇంగ్లీషు పుస్తకాలు 'కెథీడ్రల్' అంటాయి. అదే మాటను తెలుగులో ఒకరు 'కేథడ్రల్' అని, మరొకరు 'కెథెడ్రల్' అని, ఇంకొకరు 'కథీడ్రల్' అని రాస్తారు.

ఈ ఒక్క మాట గురించి మూడు ప్రశ్నలు వేయవచ్చు. దాని అర్థమేమిటి? దానిని ఎలా పలకాలి? అందులో ఎన్ని భాగాలున్నాయి? ఈ మూడింటికీ సమాధానం మంచి ఇంగ్లీషు నిఘంటువులో రెండు మూడు పంక్తుల్లోనే దొరుకుతుంది. అయినా నిఘంటువు తెరిచే విద్యార్థుల్లో అత్యధికులు మొదటి ప్రశ్నతోనే ఆగిపోతారు. ఆ మొదటి ప్రశ్నకు కూడా ఒక తెలుగు మాట దొరికితే చాలునని పుస్తకం మూసివేస్తారు. నిఘంటువును కొనడం వేరు, చదవడం వేరు. చదవడం నేర్పవలసిన విద్య. కళాశాలల్లో ఆ విద్యకు దక్కవలసిన స్థానం దక్కడం లేదు. దానివల్ల ఎక్కువగా నష్టపోయేది తెలుగు మాధ్యమంలో చదివి పైచదువుల్లో అడుగుపెట్టే గ్రామీణ విద్యార్థి.

ముందుగా అర్థం సంగతి. ఒక వస్తువును ఇతర వస్తువుల నుంచి వేరుచేసి చూపే మాటను భారతీయ తర్కశాస్త్రం 'లక్షణం' అంది. లక్షణానికి మూడు దోషాలను కూడా చెప్పింది. కొమ్ములున్నది ఆవు అంటే గేదె, మేక కూడా ఆవులే అవుతాయి. ఇది అతివ్యాప్తి. కపిల వర్ణం గలది ఆవు అంటే తెల్లావు ఆవు కాకుండా పోతుంది. ఇది అవ్యాప్తి. ఒంటి డెక్క గలది ఆవు అంటే ఏ ఆవుకూ వర్తించదు. ఇది అసంభవం. ఈ మూడు దోషాలూ లేనిదే సరైన నిర్వచనం. నేటి నిఘంటుకర్తలు పడే శ్రమ అంతా ఈ మూడు గోతుల్లో పడకుండా నడవడానికే.

కెథీడ్రల్ అంటే 'పెద్ద చర్చి' అని సరిపెట్టుకుంటే రెండు దోషాలు వస్తాయి. కెథీడ్రల్ కాని పెద్ద చర్చీలు లోకంలో ఎన్నో ఉన్నాయి. పరిమాణంలో చిన్నవైన కెథీడ్రళ్లూ ఉన్నాయి. ఇంగ్లీషు నిఘంటువు పరిమాణాన్ని పట్టించుకోదు. బిషప్ పీఠం ఉన్న చర్చి, ఆయన అధికార పరిధిలోని చర్చీలన్నింటికీ ప్రధానమైనది అని నిర్వచిస్తుంది. ఆ మాటకు మూలం గ్రీకు భాషలో ఆసనం అనే అర్థంగల పదం అని కూడా చెబుతుంది. ఆసనాన్ని సూచించే మాట అక్కడ కూర్చునే గురువు అధికారానికి, ఆపై ఆ సంస్థకే పేరు కావడం తెలుగువారికి కొత్త కాదు. 'పీఠం' అనే మాట నడిచిన దారి అదే. మెదక్ చర్చి సుమారు 175 అడుగుల శిఖరం వల్ల కెథీడ్రల్ కాలేదు. దక్షిణ ఇండియా సంఘంలోని మెదక్ డయాసిస్‌కు అది పీఠస్థానం కావడం వల్ల ఆ పేరు పొందింది. ఒక్క నిర్వచనాన్ని పూర్తిగా చదివితే విద్యార్థికి తన ఊరి గురించే తెలియని సంగతి ఒకటి తెలిసింది.

తెలుగు విద్యార్థి పర్యాయపదంతో తృప్తిపడడానికి ఒక చారిత్రక కారణం ఉంది. ఈ దేశంలో నిఘంటు సంప్రదాయం చాలాకాలం పద్యరూపంలో సాగింది. అమరసింహుని అమరకోశం ఒక వస్తువుకు ఉన్న పేర్లన్నింటినీ ఒకచోట చేర్చి చెబుతుంది. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామ సంగ్రహం కూడా ఆ బాటలోనిదే. కంఠస్థం చేసి కావ్యాలు చదివే విద్యార్థికి, పద్యాలు అల్లే కవికి అటువంటి కోశం ఎంతో ఉపకరించింది. అయితే ఆ పద్ధతి తెలిసిన భాషలోని మాటలకు సరిపోయినంతగా కొత్తగా నేర్చుకునే పరభాషకు సరిపోదు. రెండు భాషలు లోకాన్ని ఒకే విధంగా కోసి పంచుకోవు.

'బారో', 'లెండ్' అనే రెండు ఇంగ్లీషు క్రియలను గమనించాలి. రెండింటి ఎదుటా 'అప్పు' అనే మాట చూసిన విద్యార్థి ఒకదానికి బదులు మరొకటి వాడతాడు. పుస్తకం తీసుకుపోతానని చెప్పబోయి ఇచ్చిపోతానని చెబుతాడు. నిర్వచనం చదివితే ఈ పొరపాటు జరగదు. తిరిగి ఇస్తానని ఒకరి వస్తువును తీసుకోవడం మొదటిది, తిరిగి వస్తుందని తన వస్తువును ఒకరికి ఇవ్వడం రెండవది. మరో వైపు నుంచి చూస్తే తెలుగు చేసినన్ని తేడాలు ఇంగ్లీషు చేయలేదు. వడ్డీకి తెచ్చిన డబ్బు అప్పు, నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానని నోటిమాటపై తీసుకున్నది చేబదులు, పక్కింటి నుంచి తెచ్చిన పలుగుపార ఎరువు. ఈ మూడింటికీ ఇంగ్లీషులో 'బారో' ఒక్కటే సరిపోతుంది. మాటకు మాట అంటించే పద్ధతిలో ఈ సంపద రెండు వైపులా జారిపోతుంది.

ఈ కష్టాన్ని గుర్తించి, పరభాషగా ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసమే తయారైన నిఘంటువులు ఉన్నాయి. వాటి పుట్టుకలో ఆసియా ఖండానికి ప్రధాన పాత్ర ఉండటం విశేషం. అవిభక్త బెంగాల్‌లోని ఢాకాలో విద్యాశాఖలో పనిచేసిన మైకేల్ వెస్ట్, తన సహచరునితో కలిసి 1935లో ఒక నిఘంటువు వెలువరించాడు. అందులో 24 వేల పదాలను, పదబంధాలను కేవలం 1490 సులభమైన మాటలతో వివరించారు. కష్టమైన మాటకు అంతకంటె కష్టమైన మాట అర్థంగా ఇవ్వడం చీకట్లో ఉన్నవానికి నల్లకళ్లద్దాలు ఇచ్చినట్లేనని ఆయన పని రుజువు చేసింది. జపానులో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ సంస్థ దానిని ప్రచురించింది. లోకమంతటా విద్యార్థుల బల్లలపై కనబడే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువు అదే. 1978 నాటి లాంగ్‌మన్ నిఘంటువు సుమారు రెండు వేల మాటలతో నిర్వచనాలు రాసింది. 1987 నాటి కొబిల్డ్ నిఘంటువు మరో అడుగు వేసి, ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పినట్లు పూర్తి వాక్యాలతో అర్థం చెప్పింది. ఇంగ్లీషు పుట్టుకతో రానివారి కోసం ఇంత కృషి జరిగింది. ఆ ఫలితాన్ని అనుభవించవలసినవారు అర్థాల పట్టికతో ఆగిపోవడం న్యాయం కాదు.

రెండవ ప్రశ్న ఉచ్చారణకు సంబంధించినది. తెలుగువారికి ఇంగ్లీషు ఉచ్చారణ చెప్పాలన్న ప్రయత్నం కొత్తది కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852–54 మధ్య మద్రాసులో తన నిఘంటువులను ముద్రింపజేశాడు. వాటిలో ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తన పేరుపుటలోనే ఇంగ్లీషు మాటల ఉచ్చారణను కూడా చూపుతానని చెప్పుకొంది. అర్థం చెబితే సగం పని మాత్రమే అయిందని ఆనాడే ఆ పండితుడు గ్రహించాడు. ఆ తర్వాత వచ్చిన అనేక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు ఉచ్చారణను తెలుగు లిపిలో రాసి చూపాయి. ఈ పద్ధతి తొలి అడుగుకు ఆసరా ఇస్తుంది. కానీ అక్కడే నిలిచిపోతే చిక్కు వస్తుంది.

తెలుగు లిపి తెలుగు ధ్వనుల కోసం పుట్టింది. కెథీడ్రల్ అనే మాటలో 'థీ' అని రాసినచోట ఇంగ్లీషువారు పలికేది తెలుగు 'థ' కాదు. నాలుక కొనను పళ్ల మధ్య ఆనించి గాలిని వదిలే ఆ ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. మొదటి భాగాన్ని 'కె' అని రాసినా, 'క' అని రాసినా, 'కే' అని రాసినా పూర్తిగా సరికాదు. అక్కడ ఉన్నది నోరు పెద్దగా కదలకుండా తేలికగా జారిపోయే అస్పష్టమైన అచ్చు. ఇంగ్లీషులో అన్నింటికంటె ఎక్కువగా వినబడే అచ్చు అదే. నిఘంటువులో దానిని తలకిందులైన 'ఇ' అక్షరంతో గుర్తిస్తారు. దానికి తెలుగులో కొంత దగ్గరగా వచ్చేది హ్రస్వమైన 'అ'. పత్రికల్లో ఒకే మాట మూడు రకాలుగా కనబడటానికి కారణం రాసేవారి అజ్ఞానం కాదు, లిపికి ఉన్న పరిమితి. అందుకే 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఐరోపా భాషావేత్తలు ప్రతి ధ్వనికీ ఒక గుర్తు ఉండే అంతర్జాతీయ ధ్వని వర్ణమాలను రూపొందించారు. పదం పక్కన గీతల మధ్య కనబడే వింత అక్షరాలు అవే. ఇంగ్లీషుకు అవసరమైన గుర్తులు నలభై పైచిలుకు మాత్రమే. యాభైకి పైగా అక్షరాలను, వాటి గుణింతాలను, ఒత్తులను బాల్యంలోనే నేర్చిన తెలుగు విద్యార్థికి ఇది పెద్ద బరువు కాదు.

ధ్వనుల కంటె ముఖ్యమైనది ఊనిక. ఇంగ్లీషు పదంలో ఒక భాగాన్ని బలంగా పలికి మిగిలినవాటిని తేల్చివేస్తారు. నిఘంటువు ఆ భాగానికి ముందు పైభాగంలో ఒక చిన్న నిలువు గీత పెడుతుంది. కెథీడ్రల్‌లో ఆ గీత 'థీ'కి ముందు ఉంటుంది. ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రఫీ, ఫొటోగ్రాఫిక్ అనే మూడు మాటలను తెలుగులో రాస్తే ఒకే చెట్టు కొమ్మల్లా కనబడతాయి. ఇంగ్లీషులో మొదటి మాటకు ఊనిక మొదటి భాగంపైన, రెండవ మాటకు రెండవ భాగంపైన, మూడవ మాటకు మూడవ భాగంపైన ఉంటుంది. ఊనిక జరిగినప్పుడల్లా అచ్చులు కూడా మారతాయి. రెండవ మాట వినడానికి 'ఫటాగ్రఫి' అన్నట్లుంటుంది. కొన్ని మాటల్లో ఊనిక మారితే అర్థమే మారుతుంది. 'ప్రెజెంట్' అనే మాటలో మొదటి భాగం బలంగా పలికితే బహుమతి, రెండవ భాగం బలంగా పలికితే బహూకరించడం.

తెలుగు ఛందస్సు చదివిన విద్యార్థికి ఈ భావన పూర్తిగా అపరిచితం కాదు. గురువు, లఘువు అనే విభజనలో అక్షరాలన్నీ సమాన బరువు కలవి కావన్న ఎరుక ఉంది. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. గురువును గుర్తించడానికి నియమాలున్నాయి. దీర్ఘం గురువు, సున్న, విసర్గ, పొల్లు గలవి గురువులు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. పద్యాన్ని చూసి లెక్కకట్టవచ్చు. ఇంగ్లీషు ఊనికను అక్షరాలను చూసి అంత నమ్మకంగా లెక్కకట్టడం సాధ్యం కాదు. అందువల్లనే నిఘంటువు ప్రతి మాటకూ ఆ గీతను ప్రత్యేకంగా గీసి చూపుతుంది. విద్యార్థి ఆ గీతను చూడకుండా దాటిపోతే నిఘంటుకర్త శ్రమలో సగం వృథా అవుతుంది.

ఈ గీతకు అంత ప్రాధాన్యం ఎందుకన్న సందేహానికి హైదరాబాదులోనే సమాధానం లభించింది. 1958లో అక్కడ స్థాపితమై, 2007లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మారిన సంస్థలో ఆర్.కె. బన్సల్ పనిచేశారు. భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాల వారికి ఎంతవరకు అర్థమవుతుందన్న అంశంపై ఆయన జరిపిన పరిశోధన 1969లో వెలువడింది. మాట వినేవారికి అందకపోవడానికి ఆయన గుర్తించిన ప్రధాన కారణాల్లో పదాల్లో ఊనిక తప్పడం ఒకటి. భారతీయుల యాసను వదిలించుకోవడం ఇక్కడి సమస్య కాదు. చెప్పిన మాట చేరవలసిన చోటికి చేరిందా లేదా అన్నదే సమస్య.

మూడవ ప్రశ్న విభజన. అనేక నిఘంటువుల్లో పదం మధ్య చిన్న చుక్కలుంటాయి. కెథీడ్రల్ అనే మాట రెండు చుక్కలతో మూడు ముక్కలై కనబడుతుంది. ఒక్క ఊపున పలికే పదభాగాన్ని ఇంగ్లీషులో సిలబుల్ అంటారు. ఈ చుక్కలు సిలబుళ్లను చూపుతాయని విద్యార్థులే కాదు, కొందరు ఉపాధ్యాయులు కూడా భావిస్తారు. చాలాచోట్ల అది నిజమే అవుతుంది. కానీ చుక్క పుట్టింది ముద్రణాలయం అవసరం కోసం. పంక్తి చివర చోటు చాలనప్పుడు పదాన్ని ఎక్కడ విరిచి అడ్డగీత పెట్టవచ్చునో అది చెబుతుంది. 'ఎబౌట్' అనే మాటలో రెండు సిలబుళ్లున్నాయి. అయినా అమెరికాకు చెందిన మెరియం–వెబ్‌స్టర్ నిఘంటువు ఆ పదంలో చుక్క పెట్టదు. పంక్తి చివర ఒంటరిగా ఒక్క అక్షరాన్ని వదలడం ముద్రణలో మర్యాద కాదు కాబట్టి. చుక్కలను లెక్కించిన విద్యార్థి ఆ మాటకు సిలబుల్ ఒకటే అని పొరబడతాడు. 'నాలెడ్జ్' అనే మాటను తెలుసుకోవడం అనే అర్థంగల మూలపదం తర్వాత విరవడం బ్రిటిష్ అలవాటు. ఉచ్చారణను అనుసరించి ఆ తర్వాతి 'ఎల్' అక్షరాన్ని కూడా మొదటి ముక్కలో చేర్చడం అమెరికన్ అలవాటు. పలుకు భాగాలు తెలియాలంటే చుక్కలున్న పదాన్ని కాక, దాని పక్కన గీతల మధ్య ఉన్న ఉచ్చారణను చూడాలి.

రాతలోని ముక్కలు, నోటిలోని ముక్కలు ఒకటి కాకపోవడం ఇంగ్లీషుకే పరిమితమైన చోద్యం కాదు. 'పుస్తకం' అనే మాటను తెలుగులో రాసేటప్పుడు 'పు', 'స్త', 'కం' అని విడదీస్తారు. నిదానంగా పలికి చూస్తే నోరు 'పుస్', 'త', 'కం' అని విడదీస్తుంది. 'స'కారం రాతలో రెండవ అక్షరానికి చెందుతుంది, పలుకులో మొదటిదానికి ఆనుకొంటుంది. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వాన్ని గురువుగా ఎందుకు లెక్కించాలో కూడా ఇక్కడే తేటతెల్లమవుతుంది. రాతలో లఘువులా కనబడే 'పు' మీద పలుకులో 'స్' భారం పడుతుంది. కంటికి కనబడేదానిని కాక చెవికి వినబడేదానిని లెక్కించిన ప్రాచీన లాక్షణికులు సిలబుల్ స్వరూపాన్ని ఎప్పుడో గుర్తించారు. పరీక్ష కోసం యాంత్రికంగా గురులఘువులు గుర్తించే విద్యార్థికి ఈ సంగతి చెబితే తెలుగు పాఠం, ఇంగ్లీషు పాఠం ఒకదానికొకటి తోడవుతాయి.

మాటలు భాషలు మారినప్పుడు సిలబుళ్ల లెక్క కూడా మారుతుంది. మెదక్ అనే పేరు 'మెతుకు' నుంచి వచ్చిందని ప్రతీతి. ఆ ప్రాంతాన్ని నేటికీ మెతుకుసీమ అంటారు. మూడు భాగాల మెతుకు చివరి అచ్చును వదులుకొని రెండు భాగాల మెదక్ అయింది. ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చినప్పుడు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఇంగ్లీషులో 'స్కూల్' ఒకే సిలబుల్. తెలుగులో చివర ఉకారం చేరి 'స్కూలు' రెండయింది. పల్లె నోట ముందు ఇకారం కూడా చేరి 'ఇస్కూలు' మూడయింది. 'బస్' బస్సయింది. ఇది తప్పు కాదు, తెలుగు భాష తన స్వభావానికి తగినట్లు మాటను సొంతం చేసుకొన్న తీరు. తెలుగు మాట్లాడేటప్పుడు 'బస్సు' అనడమే ఒప్పు. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ ఉకారాన్ని వదిలివేయడం నేర్పు. ఈ రెండింటి తేడా తెలిసినవాడు ఏ భాషలోనూ సిగ్గుపడవలసిన పని లేదు.

ఇంగ్లీషు కూడా పరభాషల మాటలను ఇలాగే మలచుకొంది. ఇంగ్లీషు నిఘంటువుల్లో 'బ్యాండికూట్' అనే మాట ఎదుట దాని మూలం తెలుగు 'పందికొక్కు' అని ఉంటుంది. నాలుగు భాగాల తెలుగు మాట ఇంగ్లీషులో మూడు భాగాలయింది. ఊనిక మొదటి భాగంపై చేరింది. అర్థం కూడా కదిలింది. మొదట ఈ దేశపు పెద్ద ఎలుకకు వాడిన పేరును ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉండే మరో జంతువుకు పెట్టారు. తెలుగు పల్లెలోని పందికొక్కు ఇంగ్లీషువాడి నోట పడి రూపం మార్చుకొంటే దానిని ఎవరూ తప్పు ఉచ్చారణ అనలేదు. నిఘంటువు దానిని అలాగే నమోదు చేసింది.

ఈ ఉదాహరణ నిఘంటువు స్వభావాన్ని బయటపెడుతుంది. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువును వెలువరించే నాటికి భాషను స్థిరపరచాలన్న ఆశ విద్వాంసుల్లో బలంగా ఉండేది. ప్రవహించే నదికి గోడ కట్టలేమని ఆయనే గ్రహించాడు. 1884లో తొలి భాగం వెలువడి 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు, వేలాది పాఠకులు పంపిన చీటీల ఆధారంగా, మాటలు ఎక్కడ ఏ అర్థంలో వాడుకలో ఉన్నాయో నమోదు చేయడమే తన పని అనుకొంది. నిఘంటువు శాసనకర్త కాదు, వాడుకకు సాక్షి. 'షెడ్యూల్' అనే మాటను బ్రిటనులో 'ష'కారంతోను, అమెరికాలో 'స్క'కారంతోను పలకడాన్ని రెండింటినీ అది చూపుతుంది. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ పదవ ముద్రణలో ఆధార్, డబ్బా, హర్తాల్ వంటి 26 భారతీయ ఇంగ్లీషు మాటలు కొత్తగా చేరినట్లు 2020లో ప్రకటించారు. వాడేవారి బలం మాటకు గౌరవం తెచ్చిపెడుతుంది.

చేతిలోని ఫోను మాటను పలికి వినిపిస్తున్నప్పుడు ఈ చుక్కలు, గీతలు నేర్చుకోవడం దేనికని నేటి విద్యార్థి అడగవచ్చు. ప్రశ్న సహేతుకమే. వినడం ఎంతో మేలు చేస్తుంది కూడా. అయితే ఒక భాషకు అలవాటుపడిన చెవి కొత్త భాషను కూడా పాత కొలతలతోనే వింటుంది. ఏ భాగంపై ఊనిక ఉందో తెలిసి వింటే వినబడుతుంది, తెలియకుండా పదిసార్లు విన్నా జారిపోతుంది. సంగీతం నేర్చేవాడు పాట వింటూనే స్వరాన్ని గుర్తించడం నేర్చుకోవలసినట్లు, ధ్వనితోపాటు దాని గుర్తును చూడటం నేర్చినవాడికే ఫోను నిజమైన గురువు అవుతుంది.

పరాయి దేశస్థుల ఉచ్చారణను అనుకరించడం బానిసత్వం కాదా అన్నది మరో ఆక్షేపం. యాసను దాచుకోవడానికి పడే పాట్లు, ఇంటి మాటను చిన్నచూపు చూడటం నిస్సందేహంగా దాస్యమే. నిఘంటువు చదవడం అందుకు విరుగుడు. తన ఉచ్చారణ తప్పేమోనన్న అనుమానంతో తరగతిలో నోరు మెదపని విద్యార్థి ఎప్పుడూ ఇతరుల నవ్వుకు లోబడే ఉంటాడు. పుస్తకంలో సరిచూసుకొన్నవాడికి ఆ భయం ఉండదు. ఇద్దరు వాదించుకొన్నప్పుడు పట్నంలో చదివినవాని మాట చెల్లడం, పల్లె నుంచి వచ్చినవాని మాట చెల్లకపోవడం జరుగుతుంటుంది. నిఘంటువుకు పట్నం, పల్లె తేడా లేదు. ప్రైవేటు పాఠశాలల ఫీజులు కట్టలేని కుటుంబాల పిల్లలకు అందుబాటులో ఉండి, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని అధ్యాపకుడు అదొక్కటే.

మెదక్ వంటి పట్టణాల్లో ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థులు పైచదువులకు హైదరాబాదు బాట పడతారు. లెక్కలు, శాస్త్రాలు బాగా తెలిసినవారు కూడా మొదటి సంవత్సరం ఇంగ్లీషు ఉపన్యాసాల మధ్య మౌనంగా కూర్చొంటారు. తెలిసినది చెప్పలేక, తెలియనిది అడగలేక వెనుకబడతారు. సిలబుళ్లు, ఊనికలు పరీక్షల్లో ప్రశ్నలుగా వచ్చినా గైడులోని జాబితాను కంఠస్థం చేసి మార్కులు పొందినవారికి ఆ జాబితా ఆవల ఎదురయ్యే మాట మళ్లీ కొత్తదే. జాబితాకు బదులు సాధనం చేతికివ్వాలి. ప్రతి తరగతి గదిలో నేర్చుకునేవారి కోసం రాసిన నిఘంటువు ఒకటి ఉండాలి. వారానికి ఒక పీరియడు దానిని చదవడానికే కేటాయించాలి. రోజుకొక మాట తీసుకొని, దాని నిర్వచనాన్ని సొంత తెలుగు వాక్యంలో చెప్పడం, ఊనిక ఎక్కడుందో చూసి పలకడం, సిలబుళ్లను చెవితో లెక్కించి పుస్తకంతో సరిచూసుకోవడం అలవాటు చేయాలి. ఇందుకు ఖర్చు స్వల్పం, కావలసింది శ్రద్ధ.

తెలుగు నిఘంటువులకు కూడా ఈ శ్రద్ధ వర్తించాలి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వెలువడింది. పూర్వ నిఘంటువులకెక్కని వేలాది మాటలను రవ్వా శ్రీహరి తన నిఘంటువులో చేర్చారు. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశాన్ని కూర్చారు. ఒక మాటకు మరో మాట చెప్పి ఊరుకోకుండా, పిల్లలకు తెలిసిన కొద్ది మాటలతో నిర్వచించి, ప్రాంతానికో తీరుగా ఉన్న పలుకుబడిని కూడా చూపే తెలుగు నిఘంటువు విద్యార్థులకు కావాలి. మెతుకుసీమ నోట పలికే మాట పుస్తకంలో గౌరవంగా కనబడిననాడు ఆ సీమ విద్యార్థి తన భాషను చూసి సిగ్గుపడడు. తన భాషలో మాట విలువ తెలిసినవాడే పరభాషలో మాటను సరిగా తూచగలడు.